పండుగ లేని ఏడాది ఆదిలాబాద్ దాకా

దసరా మరునాడు పొద్దున ఆరింటికి కరీంనగర్ బస్టాండ్‌లో ఆదిలాబాద్ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఆ దారిలో చూడదగ్గ గుళ్లు, జలపాతాలు చాలా ఉన్నాయి. నేను బయలుదేరింది మాత్రం ఒక మనిషి నన్ను అలుముకుంటాడన్న, గుండెకు హత్తుకుంటాడన్న ఆశతో.

మా దిక్కున దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, "బంగారం" అంటూ అలుముకుంటారు. ఆస్తి తగాదాలతో మాటల్లేని పాలివాళ్లు కూడా ఆ పూట చేతులు చాపుతారు. కానీ ఇంట్లో మనిషి పోయిన ఏడాది ఆ ఇంటికి పండుగ లేదు; జమ్మి పట్టుకుని ఎవరూ గడప తొక్కరు. నా భార్య ఎండాకాలంలో పోయింది. పండుగ నాడు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడకట్టంతా నా గేటు దగ్గర మాటలు తగ్గించి, తల వంచుకుని దాటిపోయింది. ఎంత మర్యాదో! ఆ మర్యాదకు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు రహీం గుర్తొచ్చాడు. జమ్మికుంటలో ఉన్నప్పుడు మా గోడ పక్కవాడు, ఇప్పుడు ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం. అప్పట్లో దసరా నాడు నన్ను మొదట అలుముకునేది అతనే. మా పట్టింపులు అతనికేం ఉంటాయిలే అనుకుని ఫోన్ చేస్తే, "రా భాయ్" అన్నాడు.

జగిత్యాలలో ఒక పెద్దామె పక్కన కూర్చుంది. "ఒక్కనివే వోతున్నవా అన్నా? వదినె రాలేదా?" అంది.

"రాలే" అన్నాను. ఇంకేం అడుగుతుందోనని కిటికీ వైపు తిరిగాను.

నిర్మల్‌లో పదకొండయింది. బస్టాండ్ బయట ఇడ్లీ బాగుంది, చట్నీ వట్టి నీళ్లు. ఘాట్ ఎక్కుతుంటే రెండు వైపులా పచ్చటి అడవి. "అటు చూడు" అనడానికి పక్కన మనిషి లేకపోతే కొండలు కూడా తొందరగా అయిపోతాయి. ఒంటిగంటకు ఆదిలాబాద్ చేరాను.

రహీం బస్టాండ్‌కే వచ్చాడు. చేతులు చాపబోయి, ఆగి, దండం పెట్టాడు. నా సంచి అందుకుని ముందు నడిచాడు. ఇంట్లో భాభీ జొన్నరొట్టెలు, మిరపకాయలు దంచిన ఠేచా పచ్చడి కొసరి కొసరి పెట్టింది. సాయంత్రం జిన్నింగ్ మిల్లు చూపిస్తూ పత్తి గురించి, తన మోకాళ్ల గురించి చెప్పాడు. పోయిన మనిషి మాట గానీ పండుగ మాట గానీ ఎత్తలేదు.

తెల్లారి ఏడింటి బస్సుకు దింపడానికి వచ్చాడు. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఇంత దూరమొస్తే గూడ అలుముకోకపోతివి గదా, రహీం!"

అతని ముఖం చిన్నబోయింది. "నీకు గీయేడు పండుగ లేదు గద భాయ్. ఇన్నేండ్లు మీ నడుమ ఉండి గది గూడ తెల్వదా నాకు? అలుముకుంటె తప్పయితదేమోనని నిన్నటి సంది చేతులు కట్టుకొని తిరుగుతున్న."

"పండుగ లేకుంటె లేకపాయె. నేనున్న గద!"

అతను నన్ను గట్టిగా పట్టుకున్నాడు. అందరి ముందూ ఇద్దరు ముసలివాళ్లం ఏడ్చాం. "ఎక్కుతరా, ఉంటరా?" అని కండక్టర్ అరిచాడు.

"ఇంటికి వోయినంక ఫోన్ చెయ్యి" అన్నాడు రహీం కిటికీ దగ్గరకొచ్చి.

దారంతా ఆలోచించాను. మా వాడకట్టు వాళ్లు చెడ్డవాళ్లు కారు, రహీం అసలే కాడు. బాధలో ఉన్నవాణ్ణి నొప్పించొద్దని తలా ఒక అడుగు వెనక్కి వేస్తారు, అంతే. నడుమ ఆ ఒక్కడు మిగిలిపోతాడు. వాళ్లకై వాళ్లు వస్తారని నేను కూర్చుంటే కాలం కూర్చోదు. సిగ్గు పక్కన పెట్టి అడగాల్సిందే.

రెండు గంటలకు కరీంనగర్‌లో ఇంటి తాళం తీసి, చెప్పులు విడవకముందే ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"చేరినవా?"

ఎండాకాలం నుంచి నన్ను ఈ మాట అడిగినవాళ్లు లేరు. "చేరిన" అని, చెప్పులతోనే గడప మీద కూర్చున్నాను.