నడిచే బొమ్మ కోసం నిలబడ్డ మనిషి

మా ఎదురింటి డ్రాయింగు మాస్టారిని వీధంతా కదలిక మాస్టారు అంటుంది. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే తలా ఒకరిని చూపిస్తారు గానీ, పెట్టింది నేనే. రోజుకు వందసార్లు ఆ ఒక్క మాటే పలికే మనిషికి ఇంకో పేరు వెతకడం దేనికి? "బొమ్మకు ప్రాణం ముఖంలో ఉండదు, కదలికలో ఉంటుంది" అనేవాడు. అదీ వరండాలో వాలుకుర్చీలో నడుం వాల్చి, కాళ్లు బారచాపుకొని అనేవాడు. కళ్లజోడు బల్ల మీద, తాను కుర్చీలో. మధ్యలో నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులూ నడవడానికి ఒక పెళ్లాం.

మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అని సామెత ఉంది కదా. అది ఈయన పుట్టకముందే పుట్టిందంటే నేను నమ్మను.

చెప్పే మాటల్లో తప్పు లేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆయన భార్య ఇంట్లో బట్టలు కుట్టేది. కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్లు కొలతలిచ్చి వెళ్లేలోపు ఈయన పాఠం ఒకటి వినక తప్పేది కాదు. అడ్డగీత పడుకుంటుంది, నిలువుగీత నిలబడుతుంది, వాలుగీత వెళ్తుంది, అని చెప్పేవాడు. నడిచే మనిషిని గీయాలంటే అడుగు పడ్డాక గీయకూడదట, పడబోయే ముందు గీయాలట. అప్పుడు ఆ అడుగును చూసేవాడి కన్నే వేయిస్తుందట. ఒళ్లు ముందు వెళ్తుంది, జుట్టూ గుడ్డా వెనకాల వెళ్తాయి. తిరిగే చక్రానికి ఆకులు లెక్కపెట్టి గీశావంటే బండిని ఆపేసినట్టే. ఐదో తరగతితో చదువు ఆపేసిన నాకే ఇన్ని గుర్తున్నాయి. ఆ తర్వాత మా ఇంట్లో గోడ మీది క్యాలెండరులో జింక ఎందుకు దూకుతున్నట్టుందో, దాని పక్కనున్న ఏనుగు ఎందుకు దిమ్మెలా ఉందో నాకు తెలిసిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా వారు విసుక్కునేవారు. తెలుసుకోవడంలో దురదేముంది?

తెలిసినవాడు చేసిందేమిటో కూడా చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే బడిలో పనిచేశాడు. చేరిన ఏడాదే బడి హాల్లో గోడ మీద పరుగెత్తే గుర్రం ఒకటి మొదలుపెట్టాడు. ఉద్యోగ విరమణ నాటికి దానికి మూడు కాళ్లు వచ్చాయి. నాలుగోది ఏదని పెద్ద మాస్టారు అడిగితే, వేగంలో కనిపించదన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మొండివాళ్లను చాలామందిని చూశాను. తాను గీసిన గుర్రానికీ మూడే అనేవాణ్ణి మాత్రం ఈయననే చూశాను.

ఇక భార్య. ఆవిడ నన్ను అక్కా అంటుంది, నేను ఆవిణ్ణి అమ్మాయ్ అంటాను. మిషను తొక్కుతూ పొయ్యి వైపు చూస్తుంది, పొయ్యి దగ్గర నిలబడి గుండీలు కుడుతుంది. ఆ ఇంట్లో కదలిక అనేది ఉంటే అది ఆవిడే. ఆ కదలికను చూసినప్పుడల్లా మాస్టారు చేసే పని ఒకటే. "ఆగు. అలాగే ఉండు" అంటాడు. కాగితం తెమ్మంటాడు. ఆగిన మనిషి కాగితం ఎలా తెస్తుందని ఆలోచించడు. ఈలోగా పాలు పొంగిపోతాయి.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు నీళ్ల బకెట్టు ఎత్తుతుంటే అలాగే ఆపేశాడట. నిండు బకెట్టుతో పావుగంట వంగి నిలబడిందట.

"అది ప్రేమ అనుకున్నానక్కా" అంది నాతో.

"కాదా మరి?"

"తీరా చూస్తే బకెట్టే గీశారు. నన్ను గీయడం ఇంకా మిగిలే ఉంది."

ఇలాంటి మనిషికి రెండు నెలల కిందట పార్కు కమిటీ ఒక బొమ్మ అప్పగించింది. మా పార్కులో కొత్తగా నడక దారి వేశారు. దాని మొదట్లో, శాలువా కప్పుకొని చకచకా నడిచిపోతున్న ఆడమనిషి సిమెంటు బొమ్మ నిలబెట్టాలని కమిటీ అధ్యక్షుడికి కోరిక. ఆయనెప్పుడూ పార్కు గేటు దాకా కారులోనే వస్తాడు. దొందూ దొందే గనుక ఇద్దరికీ వెంటనే కుదిరింది. ఆవిష్కరణ ఫలానా ఆదివారమని కార్డులు కూడా అచ్చయ్యాయి.

పని వాళ్ల పెరట్లోనే మొదలైంది. ఇనప కడ్డీలు వంచింది తాపీమేస్త్రి. జాలీ చుట్టింది తాపీమేస్త్రి. సిమెంటు కలిపి మెత్తింది కూడా ఆయనే. మాస్టారు వాలుకుర్చీని పెరట్లోకి వేయించుకొని కర్రతో చూపించేవాడు. పైపూత, నగిషీ మాత్రం తన చేత్తో చేసేవాడు, అదీ కుర్చీ జరిపించుకొని. శాలువా మడతలు బాగా వచ్చాయని నేనే అన్నాను. భుజం మీంచి జారి గాలికి వెనక్కి పోతున్నట్టుంది, దాన్ని చూస్తే సర్దాలనిపించి చెయ్యి ముందుకు పోయింది. చేతకాని వాడైతే జాలిపడి ఊరుకుందును. చేతనై కూడా ఇలా ఉండటమే నాకు ఒళ్లు మండించేది.

శాలువా కప్పుకొని, ఇటుక మీద కుడికాలు ముందుకు వేసి, వెనక ఎడమ మడమ లేపి, కుడిచెయ్యి ముందుకు చాచి భార్య నిలబడేది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. నడిచే మనిషి బొమ్మ చేయడానికి ఇరవై రోజులు ఆవిణ్ణి కదలనివ్వలేదు.

ఆఖరి వారంలో, సోమవారం నాడు, వాళ్ల అక్క నుంచి ఫోన్ వచ్చింది. ఆ అక్క ఈ అమ్మాయిని తల్లిలా పెంచింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కంటికీ చూపు మసకబారుతోంది, ఆలస్యం చేస్తే అదీ దక్కదని డాక్టరు శుక్రవారం పొద్దున ఆపరేషనుకు రాశాడు. ఆవిడకు కత్తి పేరు చెబితేనే వణుకు. ఇంతకుముందు ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్లి, బల్ల చూసి లేచి ఇంటికి వచ్చేసింది. ఈసారి చెల్లెలు పక్కనుంటేనే పడుకుంటానంది. చెల్లెలు వస్తానని మాటిచ్చింది. ఆ ఊరికి బస్సు గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి. అది తప్పితే శుక్రవారం పొద్దుటికి చేరే దారి లేదు.

మాస్టారికి చెబితే, "చెయ్యి, మెడ మిగిలాయి. ఆదివారం ఆవిష్కరణ. సోమవారం వెళ్లు" అన్నాడు.

"సోమవారం వెళ్లి ఏం చేయనండీ?"

"పలకరించు."

ఆ సంగతి తెలిసి మంగళవారం నేను వాళ్ల పెరట్లోకి వెళ్లాను. బొమ్మను ఇటు నుంచీ అటు నుంచీ చూశాను. నడుం కింద చూస్తే ఇదిగో వెళ్లిపోతోంది అన్నట్టుంది, పైన చూస్తే ఏదో తలుపు నెడుతున్నట్టుంది. ఎక్కడో ఏదో తేడా. ఎక్కడుందో అందలేదు. ఇంటికొచ్చి మా నడవలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాను. నడక గురించి ఆలోచిస్తూ నడిస్తే నడక కూడా రాదు, గోడకు గుద్దుకున్నాను. అప్పుడు కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని వీధిలో వాళ్లను చూశాను. పాలవాడు, బడిపిల్లలు, కుంటుతూ వెళ్లే పెద్దాయన, ఎవరిని చూసినా కుడికాలు ముందుకు పడితే ఎడమచెయ్యి ముందుకు వస్తోంది. బొమ్మకు మాత్రం కుడికాలూ కుడిచెయ్యీ కలిసే బయల్దేరాయి.

మళ్లీ వెళ్లి ఆ మాటే చెప్పాను.

మాస్టారు నవ్వాడు. "అక్కగారూ, మీరు ఎంతవరకు చదివారు?"

"ఐదో తరగతి."

"నేను ముప్ఫై ఒక్క ఏళ్లు బొమ్మలు నేర్పాను."

"నడవడానికి ఏ తరగతి పాసవ్వాలి మాస్టారూ?"

తాపీమేస్త్రి జాలీ వైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

"కుడివైపు రోడ్డుకు కనిపిస్తుంది. చెయ్యి, కాలు రెండూ అటే ఉంటే ఊపు ఉంటుంది. అది లయ" అన్నాడు మాస్టారు.

"నేను మొదటి రోజే చెప్పానక్కా" అంది ఇటుక మీది నుంచి భార్య, తల తిప్పకుండా. "ఇలా నడిస్తే పడిపోతానండీ అన్నాను. నడవమని ఎవరన్నారు, నిలబడు అన్నారు."

"ఇంకా కడ్డీయే కదండీ, సిమెంటు పడలేదు" అన్నాడు తాపీమేస్త్రి. "గంటలో వంచేస్తాను. అటు చెయ్యి ముందుకు, ఇటు చెయ్యి వెనక్కి."

"నువ్వు వంచు అన్నప్పుడు వంచు" అన్నాడు మాస్టారు.

గురువారం పదిన్నరకు జాకెట్టుకు హుక్కు కుట్టించుకునే వంకతో వెళ్లాను. ఆవిడ ఇటుక మీదే ఉంది. సర్దిన సంచీ తలుపు పక్కన ఉంది. కుడిచేతికి సిమెంటు పడుతోంది. తప్పు చేతికే, చాలా శ్రద్ధగా.

"పదకొండున్నరకు బయల్దేరాలండీ" అంది.

"ఆపరేషను డాక్టరు చేస్తాడు. నువ్వెళ్లి చేసేదేముంది?"

"చెయ్యి పట్టుకుంటాను."

"నాకూ ఇక్కడ కావలసింది చెయ్యే" అన్నాడు. పెద్ద మాట అన్నాననుకున్నాడు కాబోలు, మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి సిమెంటు వైపు చూశాడు.

పదకొండుంపావుకు గూట్లో ఫోన్ మోగింది. ఆవిడ ఎలాగూ కదలకూడదు గనుక నేనే తీసి, స్పీకరు నొక్కి ఆవిడ ముఖం దగ్గర పట్టుకున్నాను.

"బస్సెక్కావా?" అంది అక్క.

ఈవిడ తలుపు పక్కనున్న సంచీ వైపు చూసింది.

"ఎక్కలేదా? నిజం చెప్పవే. నువ్వు రాకపోతే ఇప్పుడే చెప్పు, నేనూ ఇంటికెళ్లిపోతాను. రేపు పొద్దున ఆ బల్ల దగ్గర నీకోసం తలుపు వైపు చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. అసలే సరిగా కనిపించి చావదు."

"ఆసుపత్రిలోనే ఉండక్కా" అంది ఈవిడ. "వస్తున్నాను."

ఇటుక దిగింది. కాలు తిమ్మిరెక్కి ఉంటుంది, రెండుసార్లు నేలకేసి కొట్టింది. శాలువా సర్దుకుంది, సంచీ ఎడమచేత్తో తీసుకుంది.

"చెయ్యి సగంలో ఉంది. ఇలా వదిలేసి వెళ్తావా?" అన్నాడు మాస్టారు.

ఆవిడ పెరటి వాకిలి దాటి గేటు వైపు నడిచింది. బస్సు పట్టుకోవలసిన మనిషి నడక అది. ఒళ్లు ముందుకు వాలింది. శాలువా వెనకపడింది. ఎడమకాలితో కుడిచెయ్యి, కుడికాలితో సంచీ. వాలుకుర్చీలో మాస్టారు లేచి నిటారుగా కూర్చున్నాడు. ముఖంలో రంగు మారింది. ముప్ఫై ఒక్క ఏళ్లు చెప్పిన పాఠం కళ్లెదుట వెళ్లిపోతుంటే అప్పుడు చూశాడు.

"ఆగు" అన్నాడు. "అలాగే ఉండు. కనబడింది, ఇప్పుడు కనబడింది. అలాగే ఉండు."

"బస్సు పన్నెండుకండీ" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండా.

మాస్టారు గబగబా లేచి గేటు దాకా వెళ్లాడు. నేను ఆ ఇంటి ఎదుట కాపురం ఉన్న ఇరవై రెండేళ్లలో ఆయన అంత వేగంగా నడవడం అదే చూడటం. అప్పటికి ఆవిడ మలుపు తిరిగిపోయింది. కాసేపు ఖాళీ వీధిని చూసి, వచ్చి మళ్లీ కుర్చీలో పడ్డాడు.

"చెయ్యి ఇంకా పచ్చిగానే ఉందండీ" అన్నాడు మేస్త్రి. "తీసేసి అటువైపు పెట్టమంటారా? మీరూ చూశారుగా."

ఆ ఒక్క క్షణం ఆయన అవునంటాడని నేను కూడా ఆశపడ్డాను. ఆశపడినందుకు నా తల నేనే మొట్టుకోవాలి.

"చూశాను" అన్నాడు. "అది మామూలు నడక. అందరూ నడిచేదే. దాన్ని మళ్లీ నేను చెయ్యడమెందుకు? ఉన్నది ఉండనీ. దీన్ని శైలి అంటారు."

తప్పుకు పేరు పెడితే ఒప్పయిపోతుందని నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. నేను హుక్కు కుట్టించుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆదివారం ఆవిష్కరణ జరిగింది. అధ్యక్షుడు కారు దిగి, తెర లాగి, చాలాసేపు చూసి, ఏదో కొత్తదనం ఉందన్నాడు. చప్పట్లు కొట్టారు. సోమవారం నుంచీ నడవడానికి వచ్చినవాళ్లకు అసలు గొడవ మొదలైంది. ఆ బొమ్మ పక్కకు రాగానే మనిషికి అడుగు తడబడుతోంది. బొమ్మను చూసి తన చేతులు చూసుకోవడం, చూసుకోగానే కాళ్లు మరిచిపోవడం. ఒకాయన పొదల్లో పడ్డాడు కూడా. ఇప్పుడు చాలామంది పక్క గేటు నుంచి వస్తున్నారు. మాస్టారు మాత్రం, నా బొమ్మ ఎదుట ఎవరూ మామూలుగా నడవలేకపోతున్నారని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.

ఆవిడ లేని ఇన్నాళ్లూ ఆయనకు వంట ఎవరు చేశారని అడుగుతారేమో. నేను చేయలేదు.

శుక్రవారం ఆపరేషను సవ్యంగా జరిగింది. అక్క బల్ల మీద పడుకున్నది మొదలు చెల్లెలి చెయ్యి వదల్లేదట, మత్తు ఎక్కాక నర్సు వేళ్లు ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చిందట. కట్టు విప్పాక రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలన్నారు. అందుకని ఈవిడ నెలరోజులుగా అక్కడే ఉంది. మొన్న ఫోన్ చేసి, ఇప్పుడు పొద్దునా సాయంత్రం అక్కను నడిపిస్తున్నానని చెప్పింది.

"బాగా కనిపిస్తోందా అమ్మాయ్?"

"అన్నీ కనిపిస్తున్నాయక్కా. ఇవాళ పక్కన నడుస్తూ నన్ను తిట్టింది. ఆ చెయ్యి అలా ఊపుకుంటూ నడుస్తావేమే, నా మోచేతికి తగులుతోంది, కాస్త దూరంగా నడువు అంది."