నాలుగో చోటి సీసా

సీసాలక్క వస్తోందంటే ముందు చప్పుడు వినిపించేది. భుజాన వేలాడే పెట్టెలో ఆరు గాజు సీసాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ వచ్చేవి. ఊరికి మంచినీళ్ళిచ్చే సరస్సు చుట్టూ ఆరు చోట్ల నెలకోసారి నీళ్ళు పట్టి, నీళ్ళ ఆఫీసులోని పరీక్ష గదికి చేర్చడం ఆమె ఉద్యోగం. రసాయనశాస్త్రం చదివి ఆ పనిలో చేరి తొమ్మిదేళ్ళయింది. సీసాను ఏ నీళ్ళు పడతామో ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడగాలి. మోచేతి లోతున ముంచాలి. బుడగ మిగలకుండా మూత పెట్టాలి. చీటీ మీద పెన్సిలుతోనే రాయాలి, తడి తగిలితే సిరా అలుక్కుపోతుంది గనుక. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే.

పుస్తకంలో లేనిది ఒకటి పడవ తాత నేర్పాడు. మూత బిగించే ముందు అది ఎన్నో చోటో పైకి చెప్పాలి, నీళ్ళకు వినపడేలా.

"ఎవరు వింటారు తాతా?" అని అడిగింది కొత్తలో.

"అడుగమ్మ. సరస్సు అడుగున ఉంటుంది. కళ్ళు కనబడవు పాపం. పైన ఎక్కడేం జరుగుతోందో నీళ్ళు పట్టేవాళ్ళు చెబితేనే తెలుస్తుంది ఆవిడకి."

"మరి తప్పు చెబితే?"

"నీళ్ళలో నీ రూపం కనబడుతుంది చూడు, అది తీసి దాచేసుకుంటుంది. నిజం చెప్పి విడిపించుకోవాలి." తెడ్డు వేస్తూనే ఆమె వైపు ఓరగా చూశాడు. "నవ్వకు. చదువుకున్నవాళ్ళకి మినహాయింపు ఉందని నాకెవరూ చెప్పలేదు."

ఆమె నవ్వింది. అయినా చెప్పడం అలవాటు చేసుకుంది. పైకి చెబితే చీటీలు తారుమారు కావు, అది మంచి పద్ధతే అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఎనిమిదేళ్ళు ఇద్దరూ ఒకే పడవలో తిరిగారు. తర్వాత తాత మోకాళ్ళు మొరాయించాయి. పడవ ఒడ్డున బోర్లా పడింది. నాలుగో చోటి దగ్గర, చేతిపంపు పక్కనున్న రెండు గదుల ఇంట్లో తాత, అవ్వ ఉండిపోయారు. సీసాలక్క ఒక్కతే గట్టు వెంబడి నడిచి నీళ్ళు పట్టడం మొదలుపెట్టింది. పడవలో పూటలో అయ్యే పని ఇప్పుడు రోజంతా పట్టేది.

ఒక నెల, రెండో చోట సీసా ముంచుతుండగా ఫోను మోగింది. సీసాలక్క కూతురి బడిలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ. "పాపకి ఒళ్ళు కాలిపోతోందండీ. కళ్ళు తెరవట్లేదు. వెంటనే రండి."

పెట్టెలో ఇంకా నాలుగు ఖాళీ సీసాలున్నాయి. వాటిని ఖాళీగా తీసుకెళ్ళి, పని సగంలో ఆగిందని చెప్పవచ్చు. ఎవరూ ఉరి తీయరు. ఆ ఆలోచన ఆమెకు తర్వాత వచ్చింది. అప్పుడు మాత్రం నాలుగూ అక్కడే వరసగా ముంచింది. అలవాటైన నోరు తన పని తాను చేసుకుపోయింది. "మూడో చోటు. నాలుగో చోటు..." ఆ మాట అన్నప్పుడు మోచేతి చుట్టూ నీళ్ళు ఒక్కసారి చల్లబడ్డాయి. అంతే. పెట్టె భుజానేసుకుని పరుగెత్తింది.

పాప జ్వరం రెండు రోజుల్లో తగ్గింది.

మరుసటి నెల పాప గుర్రంపిల్లలా గెంతుతోంది. అయినా సీసాలక్క రెండో చోటు దాటలేదు. ఎండగా ఉంది, నాలుగో చోటి దగ్గర ముళ్ళపొదలు పెరిగాయి, ఈ ఒక్కసారికే అనుకుంది. మూడో నెల అలా అనుకోవడం కూడా మానేసింది. సరస్సు గేటు పక్కనున్న మొదటి చోటనే ఆరు సీసాలూ నింపి, మిగిలిన పూట ఇంట్లో పాపతో గడిపింది. నాలుగో నెలా అంతే.

"ఆరు చోట్లా ఒకటే లెక్క!" అన్నాడు పెద్ద కెమిస్టు ఫలితాల కాగితం చూసి. "మన సరస్సంత బుద్ధిమంతురాలు ఎక్కడా ఉండదమ్మా. నా ఇద్దరు పిల్లలే ఒక్కలా ఏడవరు." గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. దస్తూరీ బాగుంటుందని ఆఫీసు బయటి నల్లబల్ల మీద రాసే పని ఎప్పుడూ ఆమెదే. 'ఆరు చోట్లా నీరు తాగడానికి మంచిది' అని సుద్దముక్కతో గుండ్రంగా రాసింది.

ఆ ఆదివారం పొద్దున పాపకు తొట్టిలో నీళ్ళు పోస్తోంది. పాప నీళ్ళలోకి తొంగిచూసి, తలెత్తి అమ్మను చూసి, మళ్ళీ తొంగిచూసింది.

"అమ్మా, దాక్కున్నావా?"

"ఎక్కడే?"

"నీళ్ళలో. నేనున్నా. మగ్గు ఉంది. నువ్వు లేవు."

సీసాలక్క వంగి చూసింది. నీళ్ళలో పాప ముఖం ఉంది, ఎర్ర మగ్గు ఉంది, పైకప్పు మీది పెచ్చు ఊడిన మరక కూడా ఉంది. తాను ఉండాల్సిన చోట ఆ మరకే ఇంకాస్త కనిపిస్తోంది.

సబ్బు తెట్టు వల్లనుకుని నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టింది. వెలుగు పడే కోణం మార్చి చూసింది. బకెట్లో, పళ్ళెంలో, గ్లాసులో చూసింది. ఎలక్ట్రీషియనైన భర్త వచ్చి చూసి, ఏమనాలో తెలియక బల్బు మార్చాడు. అద్దంలో ఆమె రూపం ఉంది. స్టీలు గిన్నె మీద ఉంది. ఎదురింటి కిటికీలో ఉంది. నీళ్ళలోనే లేదు. చదువుకున్నదంతా తిరగేసినా, తన మీద పడిన వెలుగు నీళ్ళను తాకి ఎటు పోతోందో తేలలేదు. ఎందుకు పోతోందో మాత్రం ఆమెకు తెలుసు.

మర్నాడు ఒక్క సీసా పట్టుకుని నాలుగో చోటికి వెళ్ళింది. అల్లంత దూరం నుంచే ముక్కు మండింది. ముళ్ళపొదల వెనక కొత్త రేకుల షెడ్డు ఉంది. రంగుల డ్రమ్ములు కడిగిన నీళ్ళు అక్కణ్ణుంచి కాలవగా వచ్చి సరస్సులో కలుస్తున్నాయి. ఒడ్డున నురగ చిక్కగా పేరుకుంది. ఎప్పుడూ చెవులు చిల్లులు పడేలా అరిచే కప్పలు ఒక్కటీ అరవడం లేదు.

"ఎన్నాళ్ళకమ్మాయ్!" అంటూ తాత గుమ్మంలోంచే నవ్వాడు. రెండు అరచేతులూ పెచ్చులూడి ఎర్రగా ఉన్నాయి. లోపల మంచం మీద అవ్వ ముడుచుకుని పడుకుంది. "నెల్లాళ్ళుగా కడుపులో నొప్పట. మీ అవ్వకి పని ఎగ్గొట్టడానికి ఇదో వంక."

"చచ్చేదాకా నీకు వండి పెడతానని రాసిచ్చానా?" అంది అవ్వ కళ్ళు తెరవకుండానే.

తాత చేతిపంపు కొట్టి గ్లాసు నింపి తెచ్చాడు. సీసాలక్క గ్లాసులోకి చూసింది. తాత గడ్డం కనిపించింది. ఆమె కనిపించలేదు.

"తాతా, ఈ నీళ్ళు తాగకండి."

"ఎందుకు?"

"అనుమానంగా ఉంది. పరీక్ష చేయాలి."

"చేశావుగా! నెలనెలా చేస్తున్నావుగా. నాకూ వాసన కొట్టిందే. ఈ పంపుకి దిగేది సరస్సు నీళ్ళేగా. ఆఫీసు దాకా కుంటుకుంటూ వెళ్ళి బల్ల చూసొచ్చాను. ఆరు చోట్లా మంచివని రాసుంది. నీ రాతే. ఇంకేం, నా ముక్కే ముసలిదైందనుకున్నాను." గ్లాసు తన నోటి దగ్గరికి తీసుకున్నాడు. "నీ సీసా మీద నమ్మకం లేకపోతే ఇంకెవరి మీద పెట్టుకోనే?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి చెప్పి ఆ గ్లాసు ఆపాలని చూసింది. ఏ అబద్ధం చెప్పినా, తాను అందంగా రాసిన ఆ పాత అబద్ధమే దానికి అడ్డొస్తోంది. ఒక్క నిజానికే తాత చెయ్యి ఆగుతుంది.

గ్లాసు లాక్కుని నేల మీద గుమ్మరించింది.

"నాలుగు నెలలుగా నేనిక్కడికి రాలేదు తాతా."

తాత అర్థం కానట్టు చూశాడు.

"వేరే చోట నీళ్ళు పట్టి నాలుగో చోటని చెప్పాను. మొదటిసారి పాపకి జ్వరమొచ్చింది."

"తర్వాత?"

"తర్వాత రాలేదు."

తాత తిడితే బాగుండుననుకుంది. అతను తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. తర్వాత లోపలికి వెళ్ళి కుండ ఎత్తుకొచ్చి గుమ్మం బయట వంచేశాడు. ఆమె సాయానికి చెయ్యి చాపితే, "వద్దులే" అన్నాడు.

"ఆ పిల్లని కూర్చోమను" అంది అవ్వ మంచం మీంచి. అది ఇంకా నొప్పించింది.

"కూర్చోదు" అన్నాడు తాత. "పనుంది దానికి. పద, నాతో కాదు చెప్పాల్సింది."

ఒడ్డుకి ఇద్దరూ నడిచారు. తాత ఆమె భుజం పట్టుకోలేదు, కర్ర పట్టుకున్నాడు. ఆమె నురగ పక్కకి తోసి, సీసాను మూడుసార్లు కడిగి, మోచేతి లోతున ముంచింది. చర్మం చురచురమంది.

"నాలుగో చోటు" అంది. మళ్ళీ అంది. "ఇది నాలుగో చోటు. ఇంతకుముందు చెప్పినవన్నీ అబద్ధాలు. ఇక్కడ బాగాలేదు. ఎప్పట్నుంచి బాగాలేదో కూడా నాకు తెలియదు, నేను చూడలేదు కాబట్టి."

నీళ్ళు కదల్లేదు. నురగ మళ్ళీ కమ్ముకుంది. తన రూపం వచ్చిందో లేదో చూసుకునే వీలు కూడా లేకపోయింది.

మధ్యాహ్నానికల్లా అవ్వ ఆస్పత్రిలో ఉంది. సాయంత్రానికి ఆ సీసా నీళ్ళలో సీసమూ, రంగుల మురికీ ఉన్నాయని పరీక్షలో తేలింది. పెద్ద కెమిస్టు తలుపు మూశాడు. "ఈ నెలలోనే మొదలైందని రాద్దాం. నువ్వూ బతుకుతావు, నేనూ బతుకుతాను."

"మీరు సంతకమే పెట్టారు సార్. చూడాల్సింది నేను" అంది. బయటికొచ్చి నల్లబల్ల తుడిచింది. నాలుగో చోటి చుట్టుపక్కల నీళ్ళు తాగవద్దని రాసింది. దాని కింద, నాలుగు నెలలుగా ఇక్కడ రాసింది పరీక్షించకుండా రాసినదనీ, రాసింది తాననీ రాసి, హాజరు పుస్తకంలో ఉన్న తన అసలు పేరు పెట్టింది. దారిన పోయేవాళ్ళు ఆగి చదువుతున్నారు. ఒకాయన చదివి, ఆమెను చూసి, చేతిలోని నీళ్ళసీసాను చూసుకున్నాడు. ఆమె అక్కణ్ణుంచి కదలకుండా నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. వెళ్ళిపోవడం మరీ తేలికనిపించి ఆగి ఉంటుంది.

రెండు రోజుల తర్వాత, ఉద్యోగం ఉంటుందో లేదో తేలకముందే, పొద్దున పాపకు నీళ్ళు పోస్తుంటే పాప కేరింత కొట్టింది.

"అమ్మా, వచ్చేశావు!"

సీసాలక్క నెమ్మదిగా వంగింది. ఎర్ర మగ్గు పక్కన, పాప భుజం మీదుగా తన ముఖం ఉంది. జుట్టు, నుదురు, చెవి పక్కన పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి. కానీ తాను సూటిగా కిందికి చూస్తుంటే, నీళ్ళలోనిది పక్కకు చూస్తోంది. ఆమె తల ఎటు తిప్పినా అది కళ్ళు కలపలేదు.

"ఎందుకలా ఉంది?" అంది పాప. "పిలువమ్మా, చూస్తుంది."

"నేను పిలవకూడదమ్మా" అంది సీసాలక్క. "దానికి చూడాలనిపించినప్పుడు చూస్తుంది."

మగ్గు ముంచింది. ముఖం చెదిరి, మళ్ళీ కుదురుకుని, పక్కకే చూస్తూ ఉండిపోయింది. అవ్వకు తీసుకెళ్ళాల్సిన నీళ్ళు పొయ్యి మీద మరుగుతున్నాయి. పాప ఒళ్ళు తుడిచి, చల్లారిన నీళ్ళను శుభ్రమైన సీసాలోకి పోసింది. ఆస్పత్రిలో తాత ఆ నీళ్ళు తీసుకుంటాడో లేదో ఆమెకు తెలియదు. నిన్న తీసుకోలేదు.