జగ్గమ్మ పంచిన మాత్రలు

బొబ్బిలి పక్కన మా ఊరి బడిలో మధ్యాహ్నం పిల్లలకి వండేది మా వీధి జగ్గమ్మే. పదకొండేళ్లుగా ఆవిడ సాంబారు తినకుండా ఈ ఊళ్లో ఎవడూ అయిదో తరగతి దాటలేదు.

ఈ వానల్లో ఆవిడ ముంజేతి మీద రూపాయి బిళ్లంత తామర లేచింది. మందుల షాపులో ఎవరో ఇచ్చిన ట్యూబు రాసింది. రెండు రోజుల్లో దురద పోయింది, నెల తిరిగేసరికి తామర చుట్టు అరచేయంత అయింది. హెడ్మాస్టరు చూసి, "దసరా సెలవులయ్యాక తగ్గితేనే రామ్మా, లేకపోతే ఇంకొకర్ని పెట్టుకోవాలి" అనేశారు.

నేనే ఆసుపత్రికి లాక్కెళ్లాను. మందు ఎలా పనిచేస్తుందో తెలియకుండా నేను కుర్చీ దిగను కదా! డాక్టరు పద్మకుమారి గారు ఓపిగ్గా చెప్పారు. తామరంటే బూజు జాతిది. దాని ఒంటి చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొరకి కావలసిన కొవ్వు తయారవకుండా మందు అడ్డుపడుతుంది, పొర చిల్లులు పడి బూజు చస్తుంది. పూత పైనుంచి, మాత్ర నెత్తురులోంచి వెళ్లి పట్టుకుంటాయి. షాపు ట్యూబులో దురద నొక్కే మందు కలిసుంది. దాంతో ఒంటి కాపలా నిద్రపోయి, బూజు హాయిగా పాకింది.

నెలకి సరిపడా మాత్రలిచ్చారు. రెండు వారాలైనా చుట్టు చెక్కుచెదరలేదు.

"మాత్రలేసుకుంతన్నావేటే?"

"ఏసుకుంతన్నాను వదినా."

"రోజూనా?"

"మూడ్రోజులకోపాలి. ఓరోజు ఆయనకి, ఓరోజు కోడలికి. ఆళ్లకీ గోకుడే కదా! నానొక్కదాన్నే మింగీసి కూకుంటే బాగుంటాదేటి?"

పనసతొనలు పంచినట్టు మందు పంచింది! పొర చిరిగేలోపే కుట్టుకోవడానికి బూజుకి రెండేసి రోజుల తీరిక.

మళ్లీ ఆసుపత్రి. ఈసారి ముగ్గుర్నీ చూపించాను. ఎవరి మాత్రలు వాళ్లకి, ఎవరి తువ్వాలు వాళ్లకి. అట్టల మీద పేర్లు నేనే రాశాను.

అప్పటికి సెలవులు అయిపోయాయి. బడికి వెళ్లిన జగ్గమ్మని గుమ్మంలోంచే తిప్పి పంపారు. ఈ నెలంతా ఆవిడకి బదులుగా పెట్టుకున్న దానమ్మ వండుతుందట. నెలాఖరుకి చెయ్యి బాగుంటే గరిట మళ్లీ జగ్గమ్మకే.

ఇప్పుడు రోజూ మా అరుగు మీద, నా కళ్లముందే మింగుతోంది.

"ఒకే ఇంట్లో పేర్లెట్టుకుని తినడవేటో, సిగ్గుసేటు."

"నోర్మూసుకుని నీళ్లు తాగు."

బడి వైపు నుంచి పోపు వాసన వచ్చింది. జగ్గమ్మ ముక్కు ఎగబీల్చింది. "సూసేవా వదినా, ఇంగువెయ్యలేదు దానమ్మ" అంటూ చెయ్యి గోక్కోబోయింది.

ఆ చేతి మీద ఒక్కటిచ్చాను.