మంగంపేట క్యాసెట్టు

రాజంపేట పాత బస్టాండు వెనక సందులో ఉమర్ దుకాణానికి జాకెట్లు ఇచ్చే ఆడవాళ్ళకు ఒక సంగతి తెలుసు. గడప దాటకముందే ఆగి కాసేపు నిలబడాలి. అప్పుడే మిషను చప్పుడుతో కలిసి లోపలినుంచి పాట వినబడుతుంది. అడుగు లోపల పెట్టారంటే పాట ఆగిపోతుంది. మిషను మాత్రం ఆడుతూనే ఉంటుంది.

"పాడప్పా, మేమేమన్నా కరుస్తామా?" అనేవాళ్ళు.

"నేను యాడ పాడినా? రేడియో పాడింటాది," అనేవాడు ఉమర్. ఆ రేడియో మూడేళ్ళుగా గుండీల డబ్బాకు పీటగా పనిచేస్తోంది.

అతను నలుగురిలో పాడి ఎనిమిదేళ్ళయింది. అంతకుముందు మాత్రం ఏమంత పాడాడని? కుర్రతనంలో కడప దర్గా ఉరుసుకు మేనమామ వెంట వెళ్ళి కవ్వాలీలో చప్పట్లు కొట్టేవాడు. మామ గొంతు బొంగురుపోయినప్పుడు ఒక చరణం అందుకునేవాడు. స్టేజీ మీద మైకు ముందు నిలబడి పాడింది మాత్రం జన్మకంతా ఒక్కసారే, 2000 మేడే సాయంత్రం, మంగంపేటలో.

ఆ స్టేజీ వేణుగోపాల్ బ్యాండుది. వేణుగోపాల్‌ది స్టీలు సామాన్ల అంగడి. సరుకు కోసం మద్రాసు వెళ్ళినవాడు గిన్నెలతో పాటు ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక కీబోర్డు కొనుక్కొచ్చాడు. గిటారు తమ్ముడి మెడలో వేశాడు, కీబోర్డు తను తీసుకున్నాడు. పెళ్ళిళ్ళలో డోలు వాయించే నాగన్నను డ్రమ్ముల ముందు కూర్చోబెట్టాడు. పాడడానికి ప్రదీప్‌కుమార్ అని ఒక పొడుగాటి కుర్రవాడు దొరికాడు. మాది రాక్ బ్యాండు అని వేణుగోపాల్ చెప్పుకుంటుంటే, ఊళ్ళో వాళ్ళు "ఊరేగింపుకు ఎంతమంది వస్తారు సెట్టీ?" అని అడిగేవాళ్ళు.

వాళ్ళ సాధన ఉమర్ దుకాణం పైమేడలో. డ్రమ్ములు మోగినప్పుడల్లా పైకప్పు సున్నం రాలి గుడ్డల మీద పడేది. ఉమర్ తిట్టుకుంటూ దులుపుకునేవాడు. రెండో నెలకల్లా వాళ్ళ పాటలన్నీ, ప్రదీప్ దగ్గుతో సహా, అతనికి నోటికొచ్చేశాయి.

మేడేకు రెండు రోజుల ముందు ప్రదీప్‌కుమార్‌కు కర్నూలులో ఉద్యోగం ఆర్డరు వచ్చింది. అదే సాయంత్రం బస్సెక్కాడు. వేణుగోపాల్ మెట్లు దిగి వచ్చి, బ్యాండు కోసం కుట్టిన నల్లచొక్కాల కట్టను పక్కకు జరిపి కూర్చున్నాడు.

"ఉమర్, ప్రదీపు చొక్కా నువ్వు తొడుక్కో."

"నాకు వదులు సెట్టీ."

"నువ్వు టైలరువే గదప్పా."

పాటగాడి మార్పు గురించి జరిగిన చర్చ అంతే.

మంగంపేటలో గనుల పక్క మైదానం. ముగ్గురాయి తవ్వేవాళ్ళు, లారీలకు ఎత్తే ఆడవాళ్ళు, పిల్లాజెల్లా కలిపి నాలుగు వందల మంది నేలమీద కూర్చున్నారు. రెండు పాటలు బాగానే సాగాయి. మూడోది వేణుగోపాల్ ఆ ఊరి కోసమే కట్టిన పాట, 'మోసినకొద్దీ బరువేరా ముగ్గురాయి' అని. కీబోర్డు ఎత్తుకుంది, డ్రమ్ములు అందుకున్నాయి. ఉమర్ మొదటి మాట పలికాడో లేదో ముందు వరస లేచింది. దాని వెనక వరసా లేచింది. చూస్తుండగానే మైదానమంతా లేచి, వీపు తిప్పి, నడిచి వెళ్ళిపోసాగింది. ఒక్కరూ అరవలేదు, ఒక్కరూ ఈల వేయలేదు. అరిచి పోయినా బాగుండేదని ఉమర్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

కళ్ళు మూసుకున్నాడు. మూసుకునే పాట చివరిదాకా పాడాడు. మైదానం వైపు చూడకుండానే మైకు స్టాండుకు తగిలించి, స్టేజీ వెనకనుంచి దిగి, రోడ్డు మీద కోడూరు వైపునుంచి వస్తున్న బస్సుకు చెయ్యెత్తాడు. వెనక చప్పట్లు వినబడ్డాయి. పీడ వదిలిందని కొడుతున్నారనుకున్నాడు.

మర్నాడు వేణుగోపాల్ వచ్చి, "వాళ్ళు లేసింది నీ పాటకు కాదప్పా," అని మొదలుపెట్టాడు. ఓదార్చడానికి కథ అల్లుకొచ్చాడనుకున్నాడు ఉమర్. "ఆ మాట ఎత్తితే నీ గుడ్డలు కుట్టను," అన్నాడు. అవతలివాడు మళ్ళీ మొదలుపెట్టినప్పుడల్లా మిషను తొక్కేవాడు. ఏడాది తిరక్కుండా వేణుగోపాల్ తమ్ముడు బెంగుళూరులో అంగడి పెట్టాడు, నాగన్న మళ్ళీ పెళ్ళిళ్ళకు పోయాడు. బ్యాండు ఆగిపోయింది. ఉమర్‌కు గుల్షన్ బీతో పెళ్ళయింది.

2008 ఏప్రిల్లో ఒక శుక్రవారం ఉమర్ నమాజుకు వెళ్ళి వచ్చి అన్నం తిని లేచేసరికి, వేణుగోపాల్ ఇంటికొచ్చాడు. వెంట యాభై ఏళ్ళ ఆడమనిషి ఉంది.

"ఈయమ్మ సుంకమ్మ. మంగంపేటలో లోడింగు ఆడోళ్ళకు మేస్త్రీ," అన్నాడు.

సుంకమ్మ చాప మీద కూర్చుంటూనే విషయానికొచ్చింది. "మేడేకు మీరు రావాలప్పా. మా పాట మల్లా పాడాల. పాత బ్యాండే కావాల, పాత పాటగాడే రావాలన్నారు మావాళ్ళు."

"పాత పాటగాడు కర్నూల్లో ఉండాడక్కా."

"ఆయప్పను మేం చూసిందెప్పుడు? మాకు పాడింది నువ్వే గదా."

ఉమర్ నవ్వాడు. "మీరు నా పాట వీపులతో ఇన్నారు. మల్లా ఎందుకులే."

సుంకమ్మకు అర్థంకాక వేణుగోపాల్ వైపు చూసింది.

"చూస్తివా? ఎనిమిదేండ్లుగా ఇదే పాట," అన్నాడు వేణుగోపాల్. జేబులోంచి ఒక సీడీ తీశాడు. "ఫోటో స్టూడియో మహానంది పాత పెళ్ళి క్యాసెట్లన్నీ సీడీల్లోకి ఎక్కిస్తాండాడు. ఆనాటి మంగంపేట క్యాసెట్టూ ఎక్కించినాడు. చూసి చెప్పు. చూసినాంక కూడా వద్దంటే నేను ఇంకోసారి అడగను."

"నేను చూడను."

"నేను చూస్తా," అంది గుల్షన్ బీ టీ గ్లాసులు తెస్తూ. "పెళ్ళయినకాడ్నుంచి మిషను మోత కలవకుండా నీ పాట ఒక్కటి ఇనలేదు. పెట్టు అన్నా."

వేణుగోపాల్ సీడీని టీవీ కింది ప్లేయర్లో పెట్టాడు. తెర మీద గీతలు పరుగెత్తాయి. తర్వాత స్టేజీ, రంగు కాగితాలు, నల్లచొక్కాలో సన్నటి మనిషి. ఉమర్ తలుపు దగ్గరే నిలబడి ఒక కంటితో చూశాడు. మొట్టమొదట కనబడింది పాటగాడు కాదు, వాడి చొక్కా. హడావుడిగా పక్కలు పట్టినప్పుడు వేసిన తెల్లదారం కచ్చా కుట్టు, మీద అసలు కుట్టు వేయకుండానే వదిలేసింది, చంక నుంచి నడుం దాకా మెరుస్తోంది.

"థూ, ఈ కుట్టుతోనా నేను స్టేజీ ఎక్కింది?" అన్నాడు. అంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఎంత సన్నగా ఉండావు," అంది గుల్షన్ బీ. "ఎవురో వేరే ఆయన మాదిరి ఉండావు."

మూడో పాట వస్తోందని తెలిసి ఉమర్ మంచినీళ్ళ నెపంతో లేవబోయాడు. గుల్షన్ బీ మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తెరమీద వేణుగోపాల్ కీబోర్డు మీదికి వంగాడు. సన్నగా మొదలై, పైపైకి లేస్తూ, గదంతా నిండే ఊళ లాంటి మోత వచ్చింది.

సుంకమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. లేచింది. టీవీకి వీపు తిప్పి, వాకిలి వైపు గబగబా మూడడుగులు వేసి, గడప దగ్గర ఆగిపోయింది.

ఆమె వెనక్కి తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైందక్కా?" అన్నాడు ఉమర్.

"పాడు అలవాటప్పా. గనిలో మందు పేల్చేముందు సైరను కూస్తాది. అది ఇనబడితే చేతిలోది ఆడే పెట్టి, వీపు తిప్పి పోవాల. తిరిగి చూడకూడదు. చూస్తే రాయొచ్చి మొగాన తగులుతాది. ఇరవై ఏండ్లుగా దినామూ అదే పని. ఆ పొద్దూ అంతే. ఈ సెట్టి వాయించింది అచ్చం మా సైరనే."

"గని పాట గదా, గని మోత ఉంటే బాగుంటాదనుకున్నా," అన్నాడు వేణుగోపాల్. "ఇట్లా లేచిపోతారని నాకేం తెలుసు? మర్నాడు ఆ మాట చెప్పబోతే నువ్వు మిషను తొక్కితివి."

ఉమర్ కళ్ళు తెరనుంచి తిప్పలేదు. కెమెరా స్టేజీ పక్కనుంచి మైదానం వైపు తిరిగి ఉంది. అవే వీపులు. సరిగ్గా గుర్తున్నట్టే ఉన్నాయి. ఒక పాతిక గజాలు పోయాక, ముందు నడుస్తున్న ఒకామె ఆగి తల మీద చెయ్యి పెట్టుకుంది.

"అది నేనే," అంది సుంకమ్మ. "అప్పుడు బుద్ధి వచ్చింది నాకు."

ఆమె పక్కవాళ్ళ వీపుల మీద చరుస్తోంది. ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుతూ, జనం వెనక్కి పరుగెత్తుకొచ్చారు. కూర్చోలేదు. స్టేజీ దాకా వచ్చి నిలబడి చప్పట్లు కొట్టారు. పిల్లలు గెంతారు. స్టేజీ మీద నల్లచొక్కా మనిషి మాత్రం మేకు కొట్టినట్టు నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని పాడుతున్నాడు.

"కండ్లు తెరువు," అంది గుల్షన్ బీ తెరమీది మనిషితో.

పాట అయిపోయింది. జనం ఇంగోసారి, ఇంగోసారి అంటున్నారు. ఖాళీ మైకు స్టాండు, దాని చుట్టూ అటూ ఇటూ వెతుకుతున్న వేణుగోపాల్. నిమిషం పాటు అదే కనబడి బొమ్మ ఆగిపోయింది.

ఉమర్ తెర దగ్గరికి జరిగాడు. "కొంచెం ఎనక్కి తిప్పు," అన్నాడు.

రెండో చరణం దగ్గర చెయ్యెత్తి ఆపించాడు. "ఈడ శుతి తగ్గినా."

"యాడ?" అన్నాడు వేణుగోపాల్.

"'బరువేరా' అన్నకాడ. కండ్లు మూసుకున్నాక నీ చెయ్యి కనబడల్యా. గొంతు జారింది."

"మాకేం తెలీలేదప్పా," అంది సుంకమ్మ.

"నాకు తెలుస్తాండాది గదక్కా." ఇంకోసారి వేయించుకుని విన్నాడు. అతని ముఖంలో ఎనిమిదేళ్ళ బాధ ఏమీ లేదు. చంక దగ్గర పట్టేసిన జాకెట్టు చూసినప్పుడు ఉండే చిరాకు మాత్రమే ఉంది.

"ఈసారి ఆ సైరను తీసేస్తాలే," అన్నాడు వేణుగోపాల్.

"వద్దు, ఉండనీ. లేస్తే లేస్తారు. వాళ్ళు పోయి మల్లా వచ్చేదాకా నువ్వు ఇంకో రెండు చుట్లు వాయించు. నేను కాచుకోనుంటా." గుల్షన్ బీ వైపు తిరిగాడు. "ఆ నల్లచొక్కా యాడుండాది?"

"మూలనుండే పాత మిషను మీద కప్పింటివి గదా, దుమ్ము పడకుండా."

దుకాణం నాలుగిళ్ళ అవతలే. ఆమె వెళ్ళి తెచ్చి దులిపింది. ఉమర్ తొడుక్కుని గుండీలు పెట్టబోతే పొట్ట దగ్గర అందలేదు.

"ఆ తెల్లదారం పీకు," అంది గుల్షన్ బీ. "పట్టిన పక్కలు వదిలితే ఇప్పుడు సరిగ్గా నీ కొలతే అవుతాది. ఎనిమిదేండ్లు నేను వండింది యాడికి పోతాది?"

సుంకమ్మ నవ్వి, చల్లారిపోయిన టీ అందుకుంది. ఉమర్ చాప మీద కూర్చుని, చొక్కా ఒళ్ళో వేసుకుని, సూదిమొనతో కచ్చా కుట్టు విప్పసాగాడు. విప్పుతూ 'బరువేరా' దగ్గర గొంతు పెట్టి చూశాడు. కుదరలేదు. మళ్ళీ పెట్టాడు. ముగ్గురు చూస్తున్నారన్న సంగతి అతనికి పట్టలేదు. మూడోసారికి మాట నిలబడింది, నాలుగోసారికి దారం మొత్తం ఊడి వచ్చింది.