గుత్తి కోటలో లేని బావి

2003 ఆగస్టు 14, గురువారం, ఉదయం పదకొండు గంటలకు నేను చౌడప్ప పేరు చెరిపేశాను. ఒక్క మీట నొక్కితే సరిపోయింది. ఆ బరువును ఐదేళ్లు మోశాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పాత రాజ్యాల యుద్ధాలతో నడిచే ఒక కంప్యూటర్ ఆట ఉండేది. దాని ఫైళ్లు మారిస్తే అందులో మన కథను ఆడించవచ్చు. ముట్టడిలో నీళ్లు అయిపోయి గుత్తి కోట లొంగిపోయిందని మా వైపు చెప్పుకుంటారు. కొండ మీద ఇంకొక బావి ఉండి ఉంటే? అక్కడి నుంచి చరిత్ర వేరే దారి పట్టే ఆటను నేను, చౌడప్ప కలిసి తయారుచేశాం. అతను ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. చీర డిజైన్లు గీసే గడుల కాగితాల మీదే కోటంతా గీశాడు. ఒక్కో గడి ఆటలో ఒక్కో జాగా. అందుకోసం నాలుగుసార్లు కొండెక్కాడు. నేను ఒక్కసారీ ఎక్కలేదు. ఆ గడులను అంకెలుగా మార్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాను, అంతే.

ఆటను ఇంటర్నెట్‌లో పెట్టే రోజున "తయారీ" అన్నచోట ఉదయం పదకొండు దాకా రెండు పేర్లున్నాయి. అప్పటికే బెంగళూరులో ఆటలు తయారుచేసే ఒక కంపెనీ నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. మా ఊరు యాడికిలో, మా ఇంట డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. పదో తరగతి తప్పిన మనిషి పేరు పక్కన ఉంటే నా పని చిన్నదిగా కనబడుతుందనుకున్నానా? లేక అదంతా నా ఒక్కడిదే అని అప్పటికే నమ్మడం మొదలుపెట్టానా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఉద్యోగం వచ్చింది.

ఆరు నెలలకు చౌడప్ప అదే ఆఫీసుకు వచ్చాడు, మ్యాపులు గీసే పని అడగడానికి, కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని. నేనున్నానన్న ధైర్యం. కాగితాలు చూసిన మేనేజరు నన్ను పిలిచి, అతని ముందే, ఇది నీ కోట కదా అన్నాడు. అవునన్నాను. నా ఆట చూసి ఇతను కాగితం మీదికి దింపుకుని ఉంటాడన్నాను. ఎంత మర్యాదగా అన్నానో!

మెట్ల దగ్గర చౌడప్ప నా కోసం ఆగాడు.

"ఏమప్పా డిగ్రీ సారూ, నా గీతలు నేనే దొంగిలించినానా?"

"మెల్లగా మాట్లాడు చౌడప్పా. నిజం చెప్తే నా ఉద్యోగం పోతాది."

"సరే, ఉంచుకో. ఆ బావి ఆడనే ఎందుకు గీసినానో ఒక్కటి చెప్పు, పోతా."

మేనేజరు గది తలుపు వైపు చూశాను.

"తెలీదా? మరి కోట నీదెట్లయితాదప్పా?"

దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత డిజైన్లు గీయడం మానేసి, మగ్గం మీద కూలికి నేస్తున్నాడని విన్నాను.

2008లో గుత్తి కొండెక్కాను. అతను బావి గీసిన చోటు వెతుక్కుని, అక్కడ నిలబడి పైకి చూశాను. బండల మీద వాననీటి నల్లటి చారలు అన్ని వైపుల నుంచీ ఆ పల్లానికే దిగుతున్నాయి. వానలే కురవని నేల మీద పుట్టి, నీళ్లు ఎటు పోతాయో ఒక్కసారైనా చూడకుండా, ఆ కోటను నాదన్నాను.

ఆ వారమే జరిగింది జరిగినట్టు మేనేజరుకు రాసి ఇచ్చాను. ధర్మవరం వెళ్లి చౌడప్పకూ చెప్పాను. మగ్గం ఆపకుండా విన్నాడు. క్షమించమని అడగలేదు, అడిగే హక్కు నాకు లేదనిపించింది. చెప్పడం మాత్రం అయింది. ఆ రోజు తిరుగు బస్సులో, చాలా కాలానికి, ఏమీ దాచుకోకుండా కూర్చున్నాను.

ఇప్పుడు ఆ ఆటలో చౌడప్ప పేరు ఒక్కటే ఉంది. ఆ ఉద్యోగంలో నేను లేను. అతను నాతో మాట్లాడడు.