పరిగెల్ని పంచిన ఆదివారం

మొన్నామధ్య బాపట్లలో మా ఆడపడుచు ఇంట్లోకి అడుగుపెట్టగానే, వంటింట్లోంచి వస్తున్న పోపు ఘాటును కూడా దాటుకొని, తడి నాచు వాసన ముక్కుకు తగిలింది. హాల్లో టీవీ పక్కన కొత్తగా పెట్టిన గాజుతొట్టి, అడుగున నల్లటి ఇసుక, ఇసుకలో నాటిన పచ్చని మొక్కలు, ఆ మొక్కల సందుల్లో నీలం గీతా ఎర్ర గీతా ఉన్న చిట్టిచేపలు ఇరవై దాకా, ఎవరో ఒకే దారంతో లాగుతున్నట్టు అన్నీ కలిసి అటు తిరిగి, అన్నీ కలిసి ఇటు తిరుగుతున్నాయి. నేను సంచీ కింద పెట్టడం కూడా మరిచి నిలబడి చూస్తుంటే ఆవిడ ముచ్చటపడి, "నచ్చాయా వదినా? కవర్లో వేసి రెండిస్తా, పట్టుకెళ్ళు" అంది.

"వద్దు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, ఆవిడ చేతిలోని మంచినీళ్ళ గ్లాసు తొణికింది.

పడుకోబోయే ముందు ఆనాటి మేళ్ళన్నీ ఒక్కొక్కటిగా తలుచుకొని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవడం మా అమ్మ నాకు నేర్పిన అలవాటు. తిన్న అన్నానికి, పీల్చిన గాలికి, మాట సాయం చేసినవాళ్ళకి, చివరికి నా రోగానికి కూడా చెప్పుకున్నాను, అది లేకపోతే అమ్మ ఒళ్ళో కూర్చుని అంత చదువు చదువుకునేదాన్ని కాదు గనుక. కానీ నా పదకొండో ఏట గడిచిన ఒక ఆదివారానికి మాత్రం ఇప్పటిదాకా కృతజ్ఞత చెప్పలేకపోయాను. ఆ రోజు మీద నాకు కోపం. కాలం గడిచి ఆ కోపం చల్లారిందని రాస్తే అబద్ధమవుతుంది.

మాది తెనాలి. నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉబ్బసం. కుప్పలు నూర్చే రోజుల్లో ఊరి మీదికి కొట్టుకొచ్చే వరిదుమ్ముకు ఒకసారి, ఎండాకాలం వీధి వీధంతా కారం దంపించే రోజుల్లో ఒకసారి, వాన మొదలై గోడలు చెమ్మెక్కగానే ఇంకోసారి, ఇలా ఏడాదికి మూడు నాలుగుసార్లు ఆయాసం వచ్చి పడేది. బడిలో వేసిన మొదటి ఏడే మూడుసార్లు ఆసుపత్రి పాలయ్యేసరికి అమ్మ నన్ను మానిపించి, మిషన్ బడిలో తాను చదువుకున్న చదువంతా ఇంట్లోనే నాకు చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే బైబిలు వాక్యం కంఠతా పట్టడం, తరవాత ఎక్కాలు, అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తుంటే పక్కన కూర్చుని పద్యాలు, మధ్యాహ్నం నేల మీద సుద్దముక్కతో గీసిన దేశపటం. చదువుకు లోటు లేదు. లోటల్లా తోటి పిల్లలదే. తొమ్మిదిన్నరకి నీలం లంగాలు, తెల్ల జాకెట్లు వేసుకుని గలగలా పోయే ఆడపిల్లల్ని కిటికీ ఊచల్లోంచి చూసేదాన్ని. క్రిస్మస్‌కి అరిసెలు, కజ్జికాయలు చేసే నాలుగు రోజులూ కూడా పొయ్యి పొగ తగలకూడదని నన్ను వెనకగదిలో కూర్చోబెట్టేవాళ్ళు. పాకం వాసన తలుపు కిందనుంచి వచ్చేది గానీ, పిండి కొట్టే ఆడవాళ్ళ నవ్వుల్లో నాకు భాగం ఉండేది కాదు.

నా ఒంటరితనాన్ని కనిపెట్టినవాడు రేపల్లె మావయ్య, అమ్మకు తమ్ముడు. రేపల్లెలో కిటికీలకు అద్దాలు బిగించి, ఫోటోలకు ఫ్రేములు కట్టేవాడు. నాకు పదేళ్ళు నిండిన ఎండాకాలం, కాలవలు కట్టేసిన పది రోజులకి, రేకు డబ్బా ఒకటి సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని వచ్చాడు. కాలవలు కట్టేస్తే నీరంతా లాగేసి, అడుగున అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. ఆ మడుగుల్లో ఇరుక్కుపోయిన పరిగెలనే చిట్టిచేపల కోసం కొంగలు, కాకులు కాచుకుని ఉంటాయి.

"కొంగ నోట్లోంచి లాక్కొచ్చానే అమ్మాయ్. నీ కోసం కొంగ చేత తిట్లు కూడా తిన్నా!" అన్నాడు డబ్బా మూత తీస్తూ.

పద్నాలుగు పరిగెలు. వేలెడంత లేవు. వెండిరేకులాంటి ఒళ్ళు, తోక దగ్గర నల్లచుక్క, చెంప మీద కొంచెం ఎరుపు. తరవాతి వారమే మావయ్య ఇనప చట్రంలో కిటికీ అద్దాలు పెట్టి, లప్పంతో అతికి, కారినచోటల్లా తారు పూసి తొట్టి చేశాడు. పెనుమూడి రేవు నుంచి తెచ్చిన ఏటి ఇసుకను అమ్మ బియ్యం కడిగినట్టు ఏడు నీళ్ళు కడిగింది. అడుగున వేలెడు మందాన బంకమట్టి, దాని మీద ఇసుక, ఇసుకలో కాలవగట్టు నుంచి తెచ్చిన నాచు, రిబ్బను ముక్కల్లాంటి పొడుగాకుల మొక్క ఒకటి. మొదటి నాలుగు రోజులు నీళ్ళు కుడితిలా ఉండి, ఐదోనాటికి తేటపడ్డాయి. ఎండ ఏటవాలుగా కిటికీలోంచి పడే వేళకి నాచు కొసల్లోంచి సన్నని గాలిబుడగలు వరసకట్టి పైకి పోయేవి.

అవే నా తరగతి. పొద్దున్నే హాజరు వేసేదాన్ని. పద్నాలుగూ ఉన్నాయని లెక్క తేలేదాకా ఎక్కాల జోలికి పోయేదాన్ని కాదు. అవి ఒక క్షణం నిలవవు గనుక లెక్కకి ఒక్కోసారి పావుగంట పట్టేది, అమ్మ ఏమీ అనేది కాదు. ఉడికించిన గుడ్డులోని పచ్చసొన చిటికెడు చిదిమి వేస్తే పద్నాలుగూ ఒక్కసారే లేచేవి. వాటిలో ఒక్కటి భయపడితే అన్నీ దగ్గరికి చేరి ఒకే పెద్ద చేపలా కనిపించేవి, ఆ భయం తీరాక మెల్లగా విడివడేవి. ఆయాసం వచ్చినప్పుడు అమ్మ నా మంచం తొట్టి పక్కకు జరిపేది. వాటి చెంపలు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తూ వాటితో పాటు ఊపిరి తీయడానికి ప్రయత్నించేదాన్ని. నాకు ఊపిరాడని గంటల్లో నన్ను చూసి ఏడవకుండా నా దగ్గర ఉన్నవి అవే.

ఆ చలికాలం నేను ఒక్కసారి కూడా ఆసుపత్రి మెట్లెక్కలేదు. అదే నా చేపల మీదికి వచ్చి పడింది. ఈ చలికాలం పిల్ల గట్టెక్కితే మా ఇంట్లో అన్నిటికన్నా ప్రియమైనది కోత పండుగ నాడు దేవుడికిస్తానని నాన్న మొక్కుకున్నాడట. ఆ సంగతి ఆ ఆదివారం దాకా మాకెవరికీ చెప్పలేదు. కోత పండుగంటే వరి కుప్పలు ఇంటికి చేరాక మా సంఘమంతా పంటలో మొదటి భాగం గుడికి తెచ్చే ఆదివారం. బలిపీఠం ముందు వరికంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, గంపల్లో మినుములు. ఆ పొద్దున నాన్న తొట్టిలో నీళ్ళు సగానికి పైగా తోడేసి రిక్షా పిలిచాడు. కొత్త సైకిలు కొన్నవాళ్ళు దాన్ని గుడికి తెచ్చి పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించుకుని తిరిగి తీసుకెళ్ళడం నేను చూశాను. నా చేపలకి కూడా అలా ప్రార్థన చేయిస్తారనుకున్నాను. రిక్షాలో తొట్టి అంచు పట్టుకుని ఎంత గర్వంగా కూర్చున్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆరాధన అయ్యాక, వాక్యాలు కంఠతా ఒప్పజెప్పిన పిల్లలకు బహుమతులివ్వాలి. తెప్పించిన పెన్సిలు డబ్బాలు సమయానికి రాలేదు. సంఘపెద్ద ఒకాయన లేచి, చాలా మంచి ఆలోచన తట్టినవాడిలా, "చేపలున్నాయి కదండీ! పిల్లలకి తలా ఒకటి ఇచ్చేద్దాం, సంతోషపడతారు" అన్నాడు. సంఘమంతా సంతోషించింది. పదమూడు మంది పిల్లలు, పదమూడు పరిగెలు. మిగిలిన ఒక్కటి అయ్యగారి మనవడికి. ఆ పిల్లలు ఒప్పజెప్పిన వాక్యాలన్నీ నాకూ వచ్చు. ఆయాసం వల్ల ఆదివారపు బడికి వెళ్ళలేదు గనుక నా పేరు పట్టీలో లేదు.

టీ వడగట్టే జాలీతో ఒక్కొక్కటే తీశారు. ఒకటి తీసినప్పుడల్లా మిగిలినవి మూలకు పోయి ఒకదాన్నొకటి హత్తుకునేవి. మందు సీసాలు, గ్లాసులు, కవర్లు ఏది దొరికితే అది పట్టుకుని పిల్లలు వరసలో నిలబడ్డారు. నేను నాన్న చొక్కా పట్టుకుని లాగాను.

"నాన్నా, అవి ఒక్కొక్కటే ఉండలేవు. చచ్చిపోతాయి."

"దేవుడికిచ్చాక అవి మనవి కావమ్మా" అన్నాడు నాన్న, కట్టుకున్న చేతులు విప్పకుండా.

సంఘపెద్ద నా గడ్డం పుచ్చుకుని, "పరిగెలకేంటే పాపా ఇంత ఏడుపు? పులుసుకి కూడా చాలవు!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరికీ నా మీద పగ లేదు, అందరూ మంచివాళ్ళే. వాళ్ళ మంచితనం తలుచుకుంటేనే నా కోపం పెరుగుతుంది. ఆ మంచివాళ్ళలో ఒక్కరికైనా, ఈ పిల్లను ఒక్క మాట అడుగుదామని తోచలేదు.

మర్నాడు నాన్న ఆఫీసుకి వెళ్ళగానే అమ్మ చిన్న గంగాళం చంకనెత్తుకుని, "చెప్పులేసుకో" అంది. బడి మానేశాక కిటికీలోంచే చూసిన వీధుల్లో మొదటిసారి నడిచాను, చూసి ఆనందించే తీరిక లేకుండా. ఒకరింట్లో పరిగె గ్లాసులో వెల్లకిలా తేలుతోంది. ఇంకొకరింట్లో పిల్లి తినేసింది. ఇద్దరు బావిలో వేశామన్నారు. ఒకరింట్లో మందు సీసా మీద అతికించిన కాగితం వెనక, ఆ కొంచెం చీకట్లో, రంగు వెలిసి కదలకుండా ఉంది. ఆ ఇంటి పిల్ల "తిండి పెట్టినా తినట్లేదు అక్కా, తీసుకెళ్ళు" అని తానే ఇచ్చేసింది. పద్నాలుగిళ్ళు తిరిగితే ఐదు దొరికాయి. తొట్టిని అయ్యగారింటి వసారాలో బోర్లించారు. నేను నాటిన నాచు గోడవారన ఎండి కంపు కొడుతోంది.

సాయంత్రం నాన్న గంగాళం చూసి, "ఇచ్చింది తిరిగి తెచ్చుకుంటారా? పాపం కాదూ?" అన్నాడు.

మా అమ్మ నాన్నకి ఎదురు చెప్పగా నేను విన్నది అదొక్కసారే. "మొక్కుకుంది మీరు కదండీ. ఇవ్వాల్సిందీ మీదే. సైకిలుంది కదా, అదిచ్చి ఆఫీసుకి నడిచెళ్ళాల్సింది."

"దేవుడి విషయంలో వెటకారమేంటి?"

"వెటకారం కాదండి. అడుగుతున్నా."

నాన్న ఆ తరవాతి ఆదివారం గుడిలో లేచి సాక్ష్యం చెప్పాడు. తన మొక్కుబడి గురించి, నా ఆరోగ్యం గురించి చెప్పి, చివర్న, "మా అమ్మాయి తన చేపల్ని సంతోషంగా దేవుడికిచ్చేసింది" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఆడవాళ్ళు నా బుగ్గలు నిమిరారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. దాన్ని వినయమనుకున్నారు. నాన్న నన్ను ప్రేమించాడు, నా మందుల కోసం తాను టిఫిన్ మానుకున్న రోజులు నాకు తెలుసు, వాటికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆ ఒక్క మాటను మాత్రం ఆయన పోయేదాకా సరిదిద్దుకోలేదు.

గంగాళంలోని ఐదూ మళ్ళీ ఎన్నడూ జట్టుగా తిరగలేదు. వానలు పడి కాలవలు వదిలాక మావయ్యా నేనూ వెళ్ళి నీళ్ళలో వదిలేశాం. ఒకదాని కోసం ఒకటి ఆగకుండా, ఐదూ ఐదు వైపులకి పోయాయి.

ఇప్పుడా కాలవకు సిమెంటు గోడలు కట్టారు. రేపల్లె దారిలో వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి. కాలవలు కట్టేసినా మడుగుల్లో ప్లాస్టిక్ కవర్లు తప్ప పరిగెలు కనబడవు, కాచుకుని కూర్చునే కొంగలూ లేవు. ఇన్ని పోయినా నాన్న చెప్పిన సాక్ష్యం మాత్రం చెక్కుచెదరలేదు. కోత పండుగ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ప్రసంగంలో చెబుతూనే ఉన్నారు. ఈ ఏడు కొత్తగా వచ్చిన కుర్ర అయ్యగారు, "అమ్మా, సంతోషంగా ఇవ్వడం గురించి మీ నోటితోనే మా పిల్లలకి చెప్పండి" అని తెనాలి పిలిపించారు.

వెళ్ళాను. పిల్లల ముందు కుర్చీ వేశారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను ఇవ్వలేదనీ, నన్నెవరూ అడగలేదనీ, ఇస్తానన్న మాట నా నోటినుంచి రాలేదనీ చెప్పాను. అయ్యగారు తల దించుకుని పుస్తకంలో కాగితాలు తిప్పుతూ ఉండిపోయారు. వెనక కూర్చున్న పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో రెండు జడలమ్మాయి ఒకతి చెయ్యెత్తింది.

"అడిగితే ఇచ్చేవారా ఆంటీ?"

"ఇచ్చేదాన్నేమో తల్లీ. అది తెలుసుకునే వీల్లేకుండా చేశారు."

ఆ పిల్ల చెయ్యి దించకుండానే, "మరి మిమ్మల్ని అడగొచ్చుగా?" అంది.

"అడగొచ్చు" అన్నాను, వెనక కూర్చున్న పెద్దల వైపు చూస్తూ.