పొగగొట్టం పెరిగిన వైనం

మా ఐటీ పార్కు క్యాంటీన్‌లో కేరళ భోజనం పెట్టే రోజున ఉప్పుడు బియ్యం ఉడికే వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు సత్తెమ్మ గుర్తొస్తుంది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ వాసన వస్తే చీపురు పక్కన పెట్టి, "మా మిల్లు వాసన" అని మురిసిపోయేది.

మా పార్కు ఉన్నచోట ఒకప్పుడు రైస్ మిల్లు ఉండేది. చెరువు కాలువ నీళ్లతో వడ్లు నానబెట్టి, ఊక మండించే బాయిలర్ ఆవిరితో ఉడికించేవాళ్లు. మిల్లు పోయింది, కాలువ మీద రోడ్డు పడింది. పొగగొట్టాన్ని మాత్రం అందానికి ఉంచారు. దాని ఇటుకలు కింద ముదురెరుపు, పైన లేతెరుపు. అదేదో డిజైన్ అనుకుని మావాళ్లు దాని ముందు సెల్ఫీలు దిగుతుంటారు. సత్తెమ్మ చెప్పేదాకా నేనూ అలాగే అనుకున్నాను. వయసులో ఉన్నప్పుడు ఆమె ఆ మిల్లులో వడ్లు ఆరబోసింది. నేను సూపర్‌వైజర్‌గా చేరేనాటికి అక్కడే హౌస్‌కీపింగ్ ఆడవాళ్లకు పెద్దదిక్కు.

ఆ ఆడవాళ్లు అన్నం తినడానికి ఇచ్చిన చోటు జనరేటర్ పక్కన. సరిగ్గా భోజనాల వేళకే టెస్టింగ్ అంటూ దాన్ని నడిపేవారు. పొగంతా గిన్నెల్లోకే. మేనేజరుగారికి మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతే పోనీ అని కొట్లాటకు బయల్దేరుతుంటే సత్తెమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టి, పొగగొట్టం కథ చెప్పింది.

అది మొదట పొట్టిదట. ఊక బూడిదంతా మిల్లు ఆడవాళ్ల అన్నంలోనే పడేదట. ఎంత మొత్తుకున్నా మిల్లు యజమాని సేటు వినకపోతే, పండగని చెప్పి ఆయన్ను బువ్వకు పిలిచారట. మిల్లు వాకిట్లోనే విస్తరి వేసి కోడికూర వడ్డించారట. సేటు ముద్ద కలిపేలోపే విస్తరి నిండా బూడిద.

"లేవనిస్తిమా? ఇంకింత తిను సేటూ అని మళ్ల మళ్ల ఏస్తిమి," అని పకపకా నవ్వింది. "ఎండకాలంల కొత్త ఇటుకలు దిగినయి. పైది మాదే బిడ్డా. అన్నం పెట్టినోళ్ల మీద ఎవడు కోపం జేస్తడు?"

మర్నాడే మేనేజరుగారిని ఆ జనరేటర్ పక్కకే భోజనానికి పిలిచాం. జొన్నరొట్టెలు, కోడికూర, పచ్చిపులుసు. ఆయన సంబరంగా వచ్చి కూర్చున్నారు. అంతలోనే జనరేటర్ మొదలైంది. నేను లేవబోతే సత్తెమ్మ కళ్లతోనే వద్దంది, ఆయనకు మరో రొట్టె వేసింది. ఆయన దగ్గి, కళ్లు తుడుచుకుని చుట్టూ చూశారు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని తింటున్నారు.

"రోజూ ఇక్కడేనా?" అన్నారు.

"గిక్కడనే సార్. జర పులుసు పొయ్యాల్నా?" అంది సత్తెమ్మ.

వారం తిరక్కుండా వాళ్లకు కిటికీలున్న గది వచ్చింది. ఆ రోజు మా సంతోషం అంతా ఇంతా కాదు.

సత్తెమ్మ ఇప్పుడు లేదు. ఆ మేనేజరు కుర్చీలో నేనున్నాను. మా ఆడవాళ్లు నన్ను భోజనానికి పిలిస్తే ముందు గుండె గుభేలుమంటుంది, నావల్ల ఏం తప్పు జరిగిందోనని. అయినా వెళతాను. పెట్టింది పెట్టినట్టు తిని, తలెత్తి చుట్టూ చూస్తాను.